చంటిబిడ్డను ఎవరికి అప్పగించాలి?

2017 మార్చి 9న లోక్‌సభ ప్రసూతి ప్రయోజనాల సవరణ బిల్లును ఆమోదించింది. మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో వేతనంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ కేంద్రాన్ని ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు కల్పించాలని ఆ బిల్లు నిర్దేశించింది. ఆ వార్త రాసి పంపిన రెండు మూడు రోజులకు ఢిల్లీ శివార్లలో ఒక బహుళ అంతస్తుల కట్టడం పక్కనుంచి వెళుతూ ఆగాను. ఇసుక గుట్ట నీడలో ఏడాదిన్నర బాబు కూర్చుని ఉన్నాడు. పాత చీర అంచును చించి వాడి కాలికి కట్టారు. రెండో కొస ఇనుప చువ్వల మోపుకు కట్టి ఉంది. తల మీద ఇటుకలతో వస్తున్న తల్లిని, బిడ్డను అలా కట్టేశావేమని అడిగాను. ఆమె బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన కూలీ. ‘విప్పితే పునాది గోతిలో పడతాడు సాబ్’ అని చెప్పి, ఆగకుండానే వెళ్లిపోయింది.

ఆమె మాటలో నిష్ఠురం లేదు. తల్లిగా తాను తీసుకున్న జాగ్రత్త ఏమిటో చెప్పింది, అంతే. ఆ జాగ్రత్త తప్ప ఆమెకు మరో దారి ఎందుకు లేకపోయిందన్నదే అప్పటినుంచీ నన్ను వెంటాడుతున్న ప్రశ్న. ఆ కట్టడం దగ్గర పనిచేస్తున్నవారికి అప్పుడు 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం వర్తించేది. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గదులు, వారిని చూసుకోవడానికి శిక్షణ పొందిన స్త్రీలు ఉండాలని అది అప్పటికి రెండు దశాబ్దాల క్రితమే చెప్పింది. చట్టం లేకపోవడం మన సమస్య కాదు. చట్టానికీ ఆ ఇసుక గుట్టకూ మధ్య దూరాన్ని కొలిచే నాథుడు లేకపోవడమే అసలు సమస్య.

ఈ దేశంలో ఎన్నికల రాజకీయం గత కొన్నేళ్లుగా స్త్రీల చుట్టూ తిరుగుతోంది. మధ్యప్రదేశ్‌లో లాడ్లీ బహనా, కర్ణాటకలో గృహలక్ష్మి, మహారాష్ట్రలో లాడ్కీ బహీణ్... పేర్లు వేరైనా నెలనెలా స్త్రీల ఖాతాల్లో నగదు వేసే పథకాలే ఇవన్నీ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. ఇవి ఉచితాలని ఈసడించేవారి కోవలో నేను లేను. కూలి డబ్బుల్లో అయిదో వంతు ప్రయాణానికే పోయే స్త్రీకి ఉచిత బస్సు నిజమైన ఊరట. అయితే బస్సు ఎక్కడానికి టికెట్టు అక్కర్లేదని చెప్పిన ప్రభుత్వాలు, చంకలోని బిడ్డను ఎవరికి అప్పగించి ఎక్కాలో మాత్రం చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం ‘అమ్మ ఒడి’ అంది, తర్వాతి ప్రభుత్వం ‘తల్లికి వందనం’ అంది. రెండూ ఒకటో తరగతి నుంచి మొదలవుతాయి. అమ్మ ఒడి నిజంగా కావలసిన వయసు పిల్లలు ఆ రెండు పథకాల్లోనూ లేరు.

శిశు సంరక్షణ ఏర్పాట్లు ఒక ప్రాంతంలోని కుటుంబాల అవసరాలకు సరిపోతున్నాయా లేదా అన్నది మనం అడగడానికే అలవాటు పడని ప్రశ్న. ఇంగ్లండులో 2006 నాటి శిశు సంరక్షణ చట్టం ఆ బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. పనిచేసే తల్లిదండ్రులకు తగినన్ని ఏర్పాట్లు తమ పరిధిలో ఉండేలా స్థానిక మండలి చూడాలి. ఎక్కడ ఏ వయసు వారికి, ఏ వేళల్లో కొరత ఉందో లెక్క తేల్చాలి. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. సంరక్షణ ఖర్చుల భారం గురించి ఆ దేశ తల్లిదండ్రుల గోడు ఏళ్లుగా వింటున్నదే. కానీ ఫలానా వార్డులో ఇన్ని ఖాళీలు తక్కువ అని ప్రభుత్వమే ఒప్పుకుని కాగితం మీద పెట్టవలసిన ఒక పద్ధతి అక్కడ ఉంది. మన దగ్గర ఎన్ని అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయో పార్లమెంటులో మంత్రి చెబుతారు. ఎన్ని కావాలో, ఎవరికి కావాలో, ఎన్ని గంటలు కావాలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఉన్నదాన్ని లెక్కపెట్టి, అదే అవసరమని నమ్మడం మన పాలనకు అలవాటైపోయింది.

ఉన్నదాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1975 అక్టోబరు 2న కేవలం 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలుగా విస్తరించింది. ఇది ఏ ప్రభుత్వమూ దయతలచి చేసిన పని కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం దీనికి ప్రాణం పోసింది. పిల్లలున్న ప్రతి వాడకూ కేంద్రం ఉండాలని, కోరిన చోట కేంద్రం ఇవ్వాలని న్యాయస్థానం చెప్పింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లల భోజనాన్ని హక్కుగా మార్చింది. ప్రపంచంలో ఇంత పెద్ద శిశు సేవల యంత్రాంగం అరుదు. కాబట్టి ప్రశ్న ఈ యంత్రాంగం ఉందా లేదా అన్నది కాదు. పనికి వెళ్లే తల్లికి అది ఏ మేరకు ఆసరా అవుతోందన్నది.

మొదట వయసు సంగతి చూద్దాం. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. మూడేళ్ల లోపు బిడ్డకు అక్కడ దొరికేది టీకాలు, తూకం, ఇంటికి ఇచ్చే పోషకాహార పొట్లం. తెలుగు రాష్ట్రాల్లో అది బాలామృతం. పొట్లం ఇంటికి వస్తుంది, నిజమే. దాన్ని కలిపి, చల్లార్చి, ముద్దముద్దగా తినిపించే మనిషి ఆ వేళకు మిరప చేలోనో, బట్టల కార్ఖానాలోనో ఉంటుంది. రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా తినవలసిన వయసు బిడ్డది. పోషకాహార లోపం తిండి కొరత వల్ల మాత్రమే వచ్చేది కాదు, తినిపించే చేతుల కొరత వల్ల కూడా వస్తుంది. ఈ మాట మన పోషకాహార ఉద్యమాల ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. ఆరేళ్లు నిండేసరికి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా పూర్తవుతుందని 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది. అయినా ఆ విధానపు ప్రణాళికలు చాలావరకు మూడేళ్ల దగ్గరే మొదలవుతాయి.

రెండోది వేళలు. అంగన్‌వాడీ కేంద్రాలు చాలా రాష్ట్రాల్లో మధ్యాహ్నానికే మూతపడతాయి. మెరుగైన చోట కూడా సాయంత్రం నాలుగు దాటవు. గుంటూరు మిరప కోతలకు, ఖమ్మం పత్తి చేలకు వెళ్లే స్త్రీలు తెల్లవారకముందే ఆటో ఎక్కి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వస్తారు. నగరాల్లో ఇళ్లలో పనిచేసే స్త్రీకి పని ఉదయం ఆరింటికే మొదలవుతుంది. ఏ కూలీ పనీ ఉదయం తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకు ముగియదు. కేంద్రం పని గంటలు దాన్ని నడిపే శాఖ వీలును బట్టి ఏర్పడ్డాయి గాని, తల్లి పని గంటలను బట్టి కాదు. వరి నాట్ల నెలలో ఒక వేళ, కోతల నెలలో మరో వేళ పెట్టుకోవడానికి ఊరికి అధికారం లేదు.

మూడోది చోటు. 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం అన్నది లెక్క. పల్లెల్లో ఈ లెక్క చాలావరకు నెరవేరింది. దేశ జనాభాలో 31 శాతం పట్టణాల్లో ఉన్నారని 2011 జనగణనే చెప్పింది. అంగన్‌వాడీల్లో మాత్రం పట్టణాల వాటా దాదాపు పదో వంతు. అవి కూడా మురికివాడల్లో ఇరుకు అద్దె గదుల్లో నడుస్తున్నవే ఎక్కువ. వలస కూలీల గుడారాలు, ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాల వంటి చోట్ల పిల్లలు ఎక్కువ, కేంద్రాలు తక్కువ. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి బిడ్డలను చంకన వేసుకుని నగరాలకు వెళ్లే కుటుంబాల పేర్లు సొంత ఊరి అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంటాయి. బిడ్డ మాత్రం మరో నగరంలో ఏ రిజిస్టరులోనూ ఉండదు. మన రాజ్యాంగంలోని ఒక చిన్న తేడా కూడా ఇక్కడ గమనించాలి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు గల 11వ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి ఉంది. మున్సిపాలిటీలకు సంబంధించిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో అది లేదు. పశువుల దొడ్లు, కబేళాలు, శ్మశానాలు ఆ జాబితాలో ఉన్నాయి. పసిపిల్లలు లేరు.

మరి ప్రత్యేకంగా పనిచేసే తల్లుల కోసమే పెట్టిన క్రెచ్‌ల మాటేమిటి? 2006లో రాజీవ్ గాంధీ పేరిట జాతీయ క్రెచ్ పథకం వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు 25 మంది పిల్లలు, రోజుకు ఏడున్నర గంటలు, ఇద్దరు సిబ్బంది. ఇది తల్లి అవసరాన్ని ఎరిగి రూపొందించిన పథకం. ఒక దశలో దేశమంతటా 20 వేలకు పైగా క్రెచ్‌లు నడిచాయి. 2017లో ఖర్చుల వాటాలు మార్చారు. కేంద్రం 60 శాతం, రాష్ట్రాలు 30 శాతం, నడిపే స్వచ్ఛంద సంస్థలు 10 శాతం భరించాలన్నారు. రాష్ట్రాలు ముందుకు రాలేదు, చిన్న సంస్థలకు శక్తి చాలలేదు. రెండేళ్లు తిరిగేసరికి క్రెచ్‌ల సంఖ్య ఎనిమిది వేల లోపుకు పడిపోయింది. వాటిలో పెరుగుతున్న పిల్లలు లక్షల్లో ఉంటారు. ఏ పార్టీ కూడా వీధికెక్కలేదు. ఏ సభా స్తంభించలేదు. ప్రసూతి సెలవుల బిల్లుకు బల్లలు చరిచిన సంవత్సరమే క్రెచ్‌లకు తాళాలు పడడం మొదలైన సంవత్సరం.

2022లో మిషన్ శక్తి కింద ఈ పథకానికి ‘పాలనా’ అని పేరు మార్చి, 17 వేల అంగన్‌వాడీలను క్రెచ్‌లతో కలిపి నడపాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆలోచన మంచిది. లెక్క మాత్రం చూడండి. 14 లక్షల కేంద్రాల్లో 17 వేలంటే నూటికి ఒకటి, ఆ పైన కొంచెం. ఒక్కో చోట 25 మంది చొప్పున అన్నీ నిండినా నాలుగు లక్షల పాతిక వేల మంది పిల్లలు. దేశంలో మూడేళ్ల లోపు వారే ఆరు కోట్లకు తక్కువ ఉండరు. అంటే లక్ష్యం పూర్తిగా నెరవేరిన నాడు కూడా వెయ్యిమంది పసివారిలో ఏడుగురికి చోటు దొరుకుతుంది. ప్రతి తల్లీ క్రెచ్ కోరుకోదు. అయినా మిగిలిన 993 మందిలో ఎందరికి అవసరమో మనకు తెలియదు. లెక్కించలేదు గనక తెలియదు.

యజమానుల మీద పెట్టిన బాధ్యత కథ మరోలా ఉంది. 1948 నాటి కర్మాగారాల చట్టం నుంచి 1951 నాటి తోటల కార్మికుల చట్టం, 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వరకు స్త్రీల సంఖ్యను బట్టి క్రెచ్ తప్పనిసరి చేశాయి. 30 మంది స్త్రీలు దాటితే క్రెచ్ పెట్టాలంటే 29 మందితో సరిపెట్టే యజమానులను ఆ పద్ధతి తయారుచేసింది. స్త్రీలను కాక మొత్తం ఉద్యోగులను లెక్కించాలన్న 2017 సవరణ ఆ తప్పును కొంత దిద్దింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు కూడా 50 మంది ఉద్యోగుల గీతనే ఉంచాయి. కానీ ఈ దేశంలో పనిచేసే స్త్రీలలో పదింట తొమ్మిది మంది అసంఘటిత రంగంలో ఉన్నారు. యజమాని ఎవరో తెలియని వ్యవసాయ కూలీకి, నాలుగిళ్లలో పనిచేసే స్త్రీకి, ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీకి 50 మంది గీత ఎక్కడిది? ఉపాధి హామీ పనుల్లో ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి కూలి ఇవ్వాలని 2005 నాటి చట్టం షెడ్యూలులో రాశారు. ఈ ఒక్క నిబంధన దేశంలోని మారుమూల పల్లెను కూడా చేరగలిగింది. నేను చూసిన పని ప్రదేశాల్లో మాత్రం అది బోర్డు మీద ఉంది, చెట్టు కింద లేదు. ఆ వృద్ధురాలికి కూలి ఏ కొలత ప్రకారం ఇవ్వాలో మేస్త్రీకి తెలియకపోవడమే అందుకు కారణమని ఒకచోట విన్నాను. తవ్విన మట్టిని కొలవవచ్చు. పడిపోకుండా పట్టుకున్న బిడ్డను ఏ టేపుతో కొలుస్తారు?

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. ‘మనది పాశ్చాత్య సమాజం కాదు, మన ఇళ్లలో అమ్మమ్మలు నాయనమ్మలు ఉన్నారు, బిడ్డను పరాయి చేతుల్లో పెట్టడం మన సంప్రదాయం కాదు’ అనేవారు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. అమ్మమ్మ చేతి పెంపకం విలువ నాకు తెలియనిది కాదు. కానీ పేద ఇంటి అమ్మమ్మకు ఎన్నేళ్లుంటాయి? నలభై అయిదో, యాభయ్యో. ఆమె కూడా కూలికి వెళుతుంది. వలస వచ్చిన కుటుంబంలో ఆమె అసలు ఉండదు. ఇక మిగిలేది అక్క. ఆరేళ్లు నిండగానే విద్య హక్కు అయిన దేశంలో, తమ్ముణ్ణి ఎత్తుకుని బడి మానేసే ఎనిమిదేళ్ల పాప మన అతి పెద్ద శిశు సంరక్షణ వ్యవస్థ. పైసా ఖర్చు లేనిది గనక ఏ బడ్జెట్టులోనూ కనిపించదు. ఒక బిడ్డ బాల్యాన్ని ఖర్చు పెట్టి మరో బిడ్డను పెంచుతున్నాం. దీన్ని సంప్రదాయమని పిలవడం ఆ పాపను రెండోసారి మోసం చేయడమే.

సంప్రదాయం పేరుతో మాట్లాడేవారు తండ్రుల ప్రస్తావన తేరు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 15 నుంచి 59 ఏళ్ల వయసులో ఇంటివారి సంరక్షణ పనిలో పాల్గొనే స్త్రీలు 41 శాతం, పురుషులు 21 శాతం. మరోవైపు స్త్రీల శ్రామిక భాగస్వామ్యం 2017–18లో 23.3 శాతం నుంచి 2023–24లో 41.7 శాతానికి పెరిగిందని ప్రభుత్వం సగర్వంగా చెప్పుకుంటోంది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం సొంత పొలంలో, సొంత దుకాణంలో చేసే పనే. బిడ్డ పక్కన ఉండగా చేయగల పని అది. కదలడానికి వీలున్న స్త్రీ వేరే పని ఎంచుకునేదేమో! ఈ రెండు సర్వేలను పక్కపక్కన పెట్టి చదివిన మంత్రిత్వ శాఖ నాకు ఇంతవరకు కనిపించలేదు.

మరో అభ్యంతరం అంగన్‌వాడీ కార్యకర్తలదే. అది మరింత బలమైనది. ‘మా గంటలు పెంచి, పసిపిల్లలను కూడా మాకే అప్పగిస్తారా?’ అని వారు అడుగుతున్నారు. అడగడం న్యాయం. కార్యకర్తకు కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి నెలకు 4,500 రూపాయల దగ్గర, ఆయాకు 2,250 దగ్గర ఆగింది. మిగతాది రాష్ట్రాల దయ. పోషణ్ ట్రాకర్‌లో వివరాలు నింపడం, లబ్ధిదారుల ముఖాలు గుర్తింపచేయడం, ఎన్నికల వేళ ఓటర్ల జాబితాలు సవరించడం కూడా వారి నెత్తినే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలైన వారి సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో నాటి ప్రభుత్వం అత్యవసర సేవల చట్టాన్ని, అంటే ఎస్మాను ప్రయోగించింది. ఆ ఉత్తర్వులోని వైరుధ్యం ఆలోచించదగినది. పని ఆపితే అది అత్యవసర సేవ. జీతం అడిగితే అది స్వచ్ఛంద సేవ. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా వారిని ఉద్యోగులుగా గుర్తించడానికి ప్రభుత్వాలకు మనసు రాలేదు. పొరుగు స్త్రీ వెట్టి మీద నిలబడే శిశు సంరక్షణ మనకు అక్కర్లేదు. ఇతరుల బిడ్డలను చూసుకునే ఆ కార్యకర్త సొంత బిడ్డను ఎవరు చూసుకుంటున్నారో కూడా ఒకసారి అడగాలి.

చేయలేని పనేమీ కాదని చూపిన అనుభవాలు మన ఉపఖండంలోనే ఉన్నాయి. 1969లో గాంధీ శతజయంతి ఏర్పాట్ల కోసం రాజ్‌ఘాట్ దగ్గర కట్టడాలు సాగుతుంటే, దుమ్ములో పడి ఉన్న కూలీల బిడ్డలను చూసి మీరా మహాదేవన్ ఒక గుడారంలో మొదలుపెట్టిన పనే తర్వాత మొబైల్ క్రెచెస్ సంస్థ అయింది. పని ఎక్కడికి కదిలితే క్రెచ్ అక్కడికి కదలాలన్న సూత్రం అప్పుడే రుజువైంది. అహ్మదాబాదులో సేవా సంస్థ కార్మిక స్త్రీల సహకార సంఘం ద్వారా శిశు కేంద్రాలను వారి పని గంటల ప్రకారం నడిపి చూపింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ‘ఫుల్వారీ’ పేరిట తల్లులే వంతులవారీగా మూడేళ్ల లోపు పిల్లలను చూసుకుంటూ వేడి తిండి పెట్టారు. కర్ణాటక ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో ఉపాధి కూలీల పసిపిల్లలకు కేంద్రాలు తెరిచింది. బంగ్లాదేశ్‌లో పగటిపూట చెరువుల్లో పడి పిల్లలు మునిగిపోవడం పెద్ద సమస్య. తల్లులు పనిలో ఉండే ఉదయపు వేళల్లో ఊరి కేంద్రంలో పిల్లలను ఉంచితే ఆ మరణాలు గణనీయంగా తగ్గాయి. అది చూసి అక్కడి ప్రభుత్వం 2022లో ఎనిమిది వేల కేంద్రాల పథకాన్ని చేపట్టింది. గోదావరి, కృష్ణా కాలువల పక్కన ఉన్న మన ఊళ్లకు ఈ పాఠం పరాయిది కాదు.

మరి డబ్బు? అది న్యాయమైన ప్రశ్నే. నిర్మాణ వ్యయంలో ఒకటి నుంచి రెండు శాతం సెస్సు వసూలు చేసి కూలీల సంక్షేమానికి ఖర్చు పెట్టాలని 1996లోనే మరో చట్టం చేశారు. ఆ నిధుల్లో వేల కోట్ల రూపాయలు ఖర్చు కాకుండా పడి ఉండడాన్ని సుప్రీంకోర్టు 2018లో తీవ్రంగా తప్పుపట్టింది. ఏ కట్టడం మీద సెస్సు వసూలైందో, ఆ కట్టడం దగ్గరే క్రెచ్ లేకపోవడం నిధుల కొరత వల్ల కాదు. నగదు పథకాల కోసం రాష్ట్రాలు ఏటా వెచ్చిస్తున్న మొత్తాలను చూస్తే, డబ్బు లేదన్న మాట మరింత బలహీనపడుతుంది. ఖాతాలో పడిన డబ్బుకు ఫోనులో సందేశం వస్తుంది, సందేశం మీద ముఖ్యమంత్రి పేరు ఉంటుంది. బిడ్డ క్షేమంగా నిద్రపోయిన మధ్యాహ్నానికి సందేశం రాదు. తేడా అదే.

నేను కోరుతున్నవి పెద్ద కలలు కావు. మొదటిది లెక్క. ప్రతి అంగన్‌వాడీ దగ్గర కుటుంబాల సర్వే రిజిస్టరు ఇప్పటికే ఉంది. అందులో మూడు గడులు పెంచాలి. తల్లి ఏ వేళల్లో పనికి వెళుతుంది, ఆ వేళల్లో బిడ్డను ఎవరు చూస్తున్నారు, కేంద్రం ఉంటే పంపుతారా. ఆ లెక్కను ఏటా గ్రామసభ ముందు, వార్డు సభ ముందు చదివి వినిపించాలి. కొరత ఎంతో ఊరికి తెలియాలి. రెండోది మనుషులు. క్రెచ్‌గా మారే ప్రతి కేంద్రానికి అదనంగా ఇద్దరిని నియమించి, కనీస వేతనం ఇవ్వాలి. ఉన్న కార్యకర్త నెత్తిన మరో బరువు పెట్టి దాన్ని సంస్కరణ అనకూడదు. మూడోది వేళలు. వాటిని నిర్ణయించే అధికారం తల్లుల సంఘానికి, పంచాయతీకి ఇవ్వాలి. నాలుగోది పట్టణాలు. 50 మంది లేని చిన్న సంస్థలు, మార్కెట్లు, కూలీల అడ్డాలు ఉన్న చోట మున్సిపాలిటీ ఉమ్మడి క్రెచ్ నడపాలి. యజమానులు, సెస్సు నిధి కలిసి భరించాలి. చివరిది హక్కు. ఆరేళ్ల లోపు పిల్లలందరి సంరక్షణకు, విద్యకు రాజ్యం ప్రయత్నించాలని 2002 నాటి సవరణ ద్వారా రాజ్యాంగం 45వ అధికరణంలో చేరింది. ప్రయత్నించాలన్న చోట కల్పించాలన్న మాట రావడానికి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు యాభై ఏళ్లకు పైగా ఎదురుచూశారు. వీరిని కూడా అంతకాలం ఎదురుచూడమని చెప్పడం న్యాయం కాదు. మూడేళ్లు ఎదురుచూస్తే వారి పసితనం అయిపోతుంది.

ఓటు లేనివారికి, ధర్నాకు రాలేనివారికి, అర్జీ రాయలేనివారికి ప్రజాస్వామ్యంలో ప్రతినిధులు ఉండరు. వారి తరఫున మాట్లాడవలసిన తల్లులకు తీరిక ఉండదు. అందువల్లే ఇది ఎన్నికల అంశం కాలేదు. వచ్చే ఎన్నికల్లో మీ ఇంటి గడప ఎక్కే అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడగండి. మన వార్డులో పనికి వెళ్లే తల్లుల బిడ్డలు ఎందరు, వారు పగలంతా ఎక్కడ ఉంటున్నారు అని. జవాబు చెప్పలేకపోతే అది ఆ ఒక్క అభ్యర్థి అజ్ఞానమే కాదు, ఇంతకాలం మనం అడగకపోవడం కూడా.

ఇసుక గుట్ట నీడలో చూసిన ఆ బాబు బడి ఈడు వాడై ఇప్పటికి ఏళ్లవుతోంది. ఆ భవనం ఎప్పుడో పూర్తయింది, అందులో జనం కాపురాలు కూడా ఉంటున్నారు. దాని కింది అంతస్తులో నివాసితుల పిల్లల కోసం రంగురంగుల గోడలతో ఒక డేకేర్ ఉందని విన్నాను. నెలసరి రుసుము ఆ తల్లి నెల కూలికి దగ్గరగా ఉంటుందట. ఆమె ఇప్పుడు ఏ నగరంలో ఏ అంతస్తు లేపుతోందో తెలియదు. మరో బిడ్డ పుట్టి ఉంటే, కాలికి చీర అంచు కట్టవలసిన పని మాత్రం ఆమెకు బహుశా ఉండదు. కాపలాకు ఇంట్లో పెద్దవాడు ఉన్నాడు కదా.